పొలమారిందని తల తట్టి ఊరుకుంటున్నాం

అన్నం తింటూ ఎవరికైనా పొలమారితే మన ఇళ్లలో తల మీద తట్టి, ఎవరో తలుచుకుంటున్నారు అంటాం. రెండేళ్ల కిందట పక్షవాతంతో ఆసుపత్రిలో చేరిన మా మేనత్తకు పొలమారినప్పుడు కూడా అదే చేశాం. ఆమెకు 74 ఏళ్లు. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మూతి వంకరపోయింది. పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్లయినా తాగలేదని మా వదిన కొబ్బరి బోండాం తెప్పించి, వెల్లకిలా పడుకున్న మనిషి నోట్లో చెంచాతో పోసింది. నాలుగో చెంచాకి దగ్గు. తర్వాత గొంతులో గరగర. సిస్టర్‌ని పిలవబోతే ఆమె వార్డు అటు చివర ఎవరికో సెలైన్ మారుస్తోంది. ఆ రాత్రి ముప్పై మందికి ఆమె ఒక్కతే. మూడో రోజుకి జ్వరం, ఆయాసం. పదకొండో రోజు అత్త పోయింది. కాగితంలో పక్షవాతం అని, దాని కింద నిమోనియా అని రాసిచ్చారు.

ఇన్ఫెక్షన్ వచ్చింది అంటాం, వాన వచ్చింది అన్నట్టు. పక్షవాతం, పార్కిన్సన్స్, మతిమరుపు లాంటి నరాల జబ్బులతో చేరిన పెద్దవాళ్ల విషయంలో ఈ మాట ఒప్పుకోకూడదు. వాళ్లకు ఆసుపత్రిలో పట్టుకునే ఇన్ఫెక్షన్లలో చాలావాటికి కారణం మంచం పక్కన చేయాల్సిన పని ఎవరూ చేయకపోవడం.

మెదడులో దెబ్బ తగిలినప్పుడు చెయ్యి, కాలు పడిపోవడం మన కంటికి కనిపిస్తుంది. గొంతు పడిపోవడం కనిపించదు. స్ట్రోక్, అంటే పక్షవాతం, వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి మొదటి రోజుల్లో మింగడం సరిగా రాదు. నీళ్లు, పాలు, నోట్లో ఊరిన లాలాజలం కూడా తప్పుదారిన ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. పొలమారి దగ్గితే కనీసం తెలుస్తుంది. కొందరికి ఆ దగ్గు కూడా రాదు. మనిషి ప్రశాంతంగా తాగుతున్నట్టే ఉంటుంది, నీళ్లు మాత్రం లోపల ఊపిరితిత్తిలో చేరుతుంటాయి. పైగా పెద్దవయసులో ఇన్ఫెక్షన్‌కి జ్వరం రావాలని లేదు. మత్తుగా ఉంటారు, పొంతన లేకుండా మాట్లాడతారు. అది స్ట్రోక్ వల్లేలే అనుకుంటాం. ఆ అనుకోవడంలోనే ఒక రోజు గడిచిపోతుంది.

డాక్టర్లు చెప్పేదీ ఒకటుంది. మెదడు దెబ్బతింటే ఒంట్లో రోగనిరోధక శక్తి కూడా పడిపోతుంది, రక్తంలో సూక్ష్మజీవులతో పోరాడే లింఫోసైట్లనే కణాలు తగ్గుతాయి. వయసు, షుగర్ ఎలాగూ ఉన్నాయి. మేమెంత చూసుకున్నా కొందరికి ఇన్ఫెక్షన్ తప్పదు అంటారు. నిజమే. అయితే ముందుగానే యాంటీబయాటిక్ ఇచ్చేస్తే సరిపోతుందా? ఆ పనీ చేసి చూశారు. బ్రిటన్‌లో 1,200 మందికి పైగా, నెదర్లాండ్స్‌లో 2,500 మందికి పైగా స్ట్రోక్ రోగుల మీద జరిగిన రెండు పెద్ద పరీక్షల ఫలితాలు 2015లో వచ్చాయి. ముందుజాగ్రత్తగా ఇచ్చిన మందు వల్ల నిమోనియా తగ్గలేదు, రోగులు కోలుకోవడంలోనూ తేడా రాలేదు.

మరి ఏది తేడా తెచ్చింది? ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో పక్షవాతం రోగుల కోసమే ఉన్న 19 వార్డుల్లో (స్ట్రోక్ యూనిట్లలో) చేసిన అధ్యయనం 2011లో వచ్చింది. అందులో కొత్త మందు లేదు, కొత్త మిషన్ లేదు. కొన్ని యూనిట్లలో నర్సులకు మూడు పనులు అప్పజెప్పారు. మొదటి మూడు రోజులు జ్వరం చూస్తూ, 37.5 డిగ్రీలు తాకగానే పారాసిటమాల్ ఇవ్వడం. షుగర్ అదుపులో పెట్టడం. నోట్లోకి ఏదైనా పోయేముందు మింగగలరో లేదో చూడటం. 90 రోజుల తర్వాత చూస్తే, చనిపోయినవాళ్లు, ఇంకొకరి మీద ఆధారపడి బతుకుతున్నవాళ్లు కలిపి మామూలు యూనిట్లలో 58 శాతం, ఈ పనులు చేసిన చోట 42 శాతం. ఇంత తేడా తెచ్చే ఇంజెక్షన్ ఒకటి వస్తే దేశమంతా దాని గురించే మాట్లాడేది!

మింగడం పరీక్ష అంటే పెద్ద స్కానింగ్ ఏమీ కాదు. శిక్షణ ఉన్న నర్సు రోగిని నిటారుగా కూర్చోబెట్టి, చెంచాతో కొద్దికొద్దిగా నీళ్లు ఇచ్చి, దగ్గు వస్తోందా, గొంతు తడిగా పలుకుతోందా అని చూస్తుంది. పది నిమిషాల పని. మా అత్తకు ఆ పది నిమిషాలు దొరకలేదు.

నోరు కడగడం ఇంకా చిన్న పని. నోట్లో పెరిగిన సూక్ష్మజీవులే లాలాజలంతో పాటు ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. జపాన్‌లో 11 వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో రోజూ తిన్నాక పెద్దవాళ్ల పళ్లు తోమించి రెండేళ్లు గమనించారు. తోమించని వాళ్లలో నిమోనియా 19 శాతం మందికి వస్తే, తోమించిన వాళ్లలో 11 శాతం మందికే వచ్చింది. మన వార్డుల్లో కట్టుడు పళ్లు తీసి సంచిలో పడేస్తారు, ఆ నోరు వారం దాకా ఎవరూ ముట్టుకోరు.

యూరిన్ పైపు సంగతి మరీ అన్యాయం. పైపు లోపల ఉన్న ప్రతి రోజూ మూత్రంలో సూక్ష్మజీవులు చేరే ముప్పు 3 నుంచి 7 శాతం దాకా పెరుగుతూ పోతుంది. బట్టలు మార్చే మనిషి లేడు కాబట్టి పైపు ఉంచేస్తారు. స్కానింగ్‌కి తీసుకెళ్లేటప్పుడు నిండిన బ్యాగ్‌ని స్ట్రెచర్ మీద రోగి పొట్ట మీదే పెట్టి తోసుకెళ్లడం నేను చూశాను. బ్యాగ్ పైన, మూత్రాశయం కింద. వచ్చిన మూత్రం పైపులోంచి వెనక్కి లోపలికే పోతుంది.

పార్కిన్సన్స్ రోగులకు ఇంకో ప్రమాదం. ఇంట్లో గడియారం చూసుకుని వేసుకునే లెవోడోపా మాత్ర, ఆసుపత్రిలో మందుల ట్రాలీ వచ్చినప్పుడే అందుతుంది. రెండు డోసులు తప్పితే ఒళ్లు కొయ్యబారుతుంది, గొంతూ బిగుసుకుంటుంది. వాంతులని మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ ఇచ్చారంటే ఇంకా దిగజారుతుంది. ఆ స్థితిలో పెట్టిన ముద్ద ఎటు పోతుందో చెప్పక్కర్లేదు.

ఇవన్నీ చేయాల్సింది నర్సే. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురికి ఒకరు, మిగతా చోట్ల ఐదుగురికి ఒకరు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ఆ రాత్రి నేను చూసింది ముప్పై మందికి ఒకరిని. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుంచి మనకు వైద్యం అంటే ఆపరేషన్, ప్యాకేజీ, స్టెంట్. రెండు గంటలకోసారి రోగిని పక్కకి తిప్పిన చేతులకు ఏ బిల్లులోనూ ఒక లైను ఉండదు. పడక పుండు పడ్డాక దానికి వాడిన యాంటీబయాటిక్‌కి మాత్రం ఉంటుంది. 2016 జనవరిలో సుప్రీంకోర్టు చెబితే కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సుకి నెలకు 20 వేలకు తగ్గకుండా ఇవ్వాలంది. మా వీధిలో జీఎన్ఎం అనే నర్సింగ్ కోర్సు చదివిన అమ్మాయి మొన్నటిదాకా 13 వేలకు నైట్ డ్యూటీలు చేసింది.

ఇప్పుడు మానేసింది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులను జర్మనీకి పంపిస్తోందని తెలిసి భాష నేర్చుకుంటోంది. అక్కడి పెద్దవాళ్లను చూసుకోవడానికి మనుషులు కావాలి, అందుకు తగ్గ జీతం ఇస్తారు. మొన్న వాళ్లింటికి వెళితే నోట్‌బుక్ తెరిచి ఆ రోజు పాఠం చూపించింది. పేజీలో పైనుంచి రెండో మాట ష్లుకెన్. పక్కన తెలుగులో రాసుకుంది: మింగడం.