సోమలింగం: అర్థం, వాడుక

వేపర్‌వేర్ అనే మాటకి తెలుగు లేదే అని మొన్న ఓ మిత్రుడు తెగ బాధపడిపోయాడు. ప్రకటన ఘనంగా చేసి సరుకు దింపకపోతే అమెరికాలో 1980ల నుంచీ దాన్ని అలాగే తిడుతున్నారు. 'ఆవిరిసరుకు' అందామా అన్నాడు. కూడదన్నాను. ఆవిరి మీద ఇడ్లీ వస్తుంది, కుడుము వస్తుంది. రాని సరుకుకి ఆ పేరు పెడితే ఇడ్లీపాత్ర ఏమనుకుంటుంది?

పైగా మనకి మాట సిద్ధంగా ఉంది. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. కాబట్టి వేపర్‌వేర్‌ని ఇకపై సోమలింగం అనాలని పండితులకి నా మనవి. లింగం పేరులోనే ఉంది. కాలం ఎప్పుడూ భవిష్యత్తే.

వాడేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఆలస్యమైనవన్నీ సోమలింగాలు కావు. మైక్రోసాఫ్ట్ 1983 నవంబరులో ప్రకటించిన విండోస్ 1985 నవంబరులో బయటికొచ్చింది. అది నెలలు మించిన కాన్పు, అంతే. డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్ అనే వీడియోగేమ్‌ని 1997లో ప్రకటించి 2011లో ఇచ్చారు. పేరులోనే 'ఫరెవర్' పెట్టారు, మోసం ఏముంది?

అచ్చమైన సోమలింగం ఆపిల్ వారి ఎయిర్‌పవర్. ఫోను, వాచీ, ఇయర్‌ఫోన్ల డబ్బా మూడింటినీ ఒకే చాప మీద పడుకోబెడితే చార్జింగ్ ఎక్కుతుందని 2017 సెప్టెంబరులో చూపించారు. 2019 మార్చిలో, మా ప్రమాణాలకి అందట్లేదు, మానేశాం అన్నారు. ఈలోగా కొత్త ఎయిర్‌పాడ్స్ అట్టపెట్టెల మీద ఆ చాప బొమ్మ అచ్చయిపోయింది కూడా. శుభలేఖలు పంచేశాక పెళ్ళికొడుకు లేడని తెలిసినట్టు.

మనకేం తక్కువ? అదే 2017 సెప్టెంబరులో అమరావతి, విజయవాడల మధ్య హైపర్‌లూప్‌కి, అంటే గాలి తీసేసిన గొట్టంలో దూసుకుపోయే బండికి, ఒప్పందం రాసుకున్నారు. గంట పైచిలుకు ప్రయాణం ఆరు నిమిషాల్లో అయిపోతుందన్నారు. ఆ గొట్టం ఇవాళ్టికీ రాలేదు. పోనీలెండి, ప్రకాశం బ్యారేజీ మీద స్కూటర్ ఆగినప్పుడల్లా కృష్ణమ్మని తీరిగ్గా చూసుకోవచ్చు.

ఈ సిద్ధాంతమంతా మా మేనల్లుడికి చెప్పాను. వాడిదో స్టార్టప్. విజిటింగ్ కార్డు మందంగా, బంగారు అంచుతో ఉంటుంది. ముఖం మాడ్చుకుని, యాప్ తెరిచి నా చేతిలో పెట్టాడు. తెర మధ్య ఒకే ఒక్క బటన్: 'త్వరలో'. నొక్కాను. ధన్యవాదాలు, వెయిటింగ్ లిస్టులో మీది రెండో నంబరు అని వచ్చింది.

"మొదటిది ఎవర్రా?"

"అమ్మ, మావయ్యా."