చికిత్స ప్లాన్ రోగి చేతికి రావాలి

క్యాన్సర్ ఓపీ బయట కూర్చున్న వాళ్లలో చాలామంది ఒళ్లో ఒక సంచి ఉంటుంది. ఏ చీరల దుకాణం వాళ్లో ఇచ్చినది. అందులో ముక్క పరీక్ష రిపోర్టు, స్కాన్ ఫిల్ములు, మడతల దగ్గర చిరుగుతున్న చీటీలు. డాక్టరు గారు వాటిని వరసలో పెట్టుకునేసరికే ఉన్న కాస్త సమయంలో సగం అయిపోతుంది. మిగతా సగంలో "ఆపరేషన్ చేయాలమ్మా, తర్వాత కరెంటు పెట్టాలి" అంటారు. కరెంటు అంటే రేడియేషన్. ఆమె తలూపి బయటికొస్తుంది. ఎన్నాళ్లు, ఎన్నిసార్లు, వేరే దారి ఉందా అన్న ప్రశ్నలు బస్సెక్కాక గుర్తొస్తాయి.

దీనికి డాక్టర్లను తప్పుపట్టి లాభం లేదు. 2022లో మన దేశంలో 14 లక్షలకు పైగా కొత్త క్యాన్సర్ కేసులు వచ్చాయని అంతర్జాతీయ అంచనా. ఒక్కో రోగికి దక్కేవి నిమిషాలే. ఆ నిమిషాలకు ముందూ వెనకా జరగాల్సిన మాటల కోసమే డిజిటల్ సాధనాలు కావాలని మేం అంటున్నాం.

తొలిదశ రొమ్ము క్యాన్సర్‌నే తీసుకుందాం. గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇవ్వవచ్చు, లేదా రొమ్ము మొత్తం తీసేయవచ్చు. ఏ దారిలో వెళ్లినా ఆయుష్షులో తేడా లేదని 2002లో వెలువడిన ఇరవయ్యేళ్ల పరిశీలన తేల్చింది. రేడియేషన్ అంటే సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున మూడు నుంచి ఐదు వారాలు. ఉట్నూరు దగ్గరి పల్లె నుంచి హైదరాబాద్ వచ్చిన మహిళ అన్నాళ్లు ఎక్కడ ఉంటుంది? పత్తి తీసే రోజులైతే కూలి డబ్బుల మాటేమిటి? ఇంట్లో పిల్లల్ని ఎవరు చూస్తారు? రొమ్ము పోతుందన్న బెంగ ఆమెకు ఎంతుందో డాక్టరుకు ఎలా తెలుస్తుంది? ఏ దారి మంచిదో తేలేది ఈ జవాబులతోనే. ఇవి అడగకుండా రాసిన ప్లాన్ సగంలో ఆగిపోతే, చికిత్స మానేసిందన్న మాట మాత్రం ఆమె మీదే పడుతుంది. ఓపీకి ముందే ఒక ట్యాబ్ ఈ నాలుగు ప్రశ్నలు తెలుగులో అడిగి, జవాబులు డాక్టరు తెర మీద పెడితే చాలు, లోపల జరిగే మాటలు మారతాయి.

కీమో మొదలయ్యాక ఈ అవసరం ఇంకా పెరుగుతుంది. సైకిల్, అంటే ఒక విడత కీమో, అయిన పదో రోజు రాత్రి జ్వరం వస్తుంది. పారాసిటమాల్ వేసుకుని "వచ్చే డేట్‌కి చెబుదాంలే" అనుకుంటారు. తెల్ల రక్తకణాల కౌంట్ పడిపోయిన ఒంటికి 100.4 డిగ్రీలు దాటిన జ్వరం ప్రాణం మీదికి తేవచ్చు. డేట్ దాకా ఆగే సమయం ఉండదు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆస్పత్రిలో, ముదిరిన క్యాన్సర్‌తో కీమో తీసుకుంటున్న 766 మందిపై ఒక పరిశోధన జరిగింది. కొందరు రోగులు నొప్పి, వాంతులు, ఆయాసం వంటి 12 బాధల గురించి ఎప్పటికప్పుడు కంప్యూటర్‌లో నమోదు చేసేవారు. బాధ పెరిగితే నర్సుకు కబురు వెళ్లేది. 2017లో వచ్చిన ఫలితాల ప్రకారం, అలా నమోదు చేసినవారిలో సగం మంది 31 నెలలకు మించి జీవించారు. మామూలు పద్ధతిలో ఉన్నవారికి అది 26 నెలలు. అంతకుముందు కంప్యూటర్ అలవాటు లేనివారికే చాలా విషయాల్లో ఎక్కువ మేలు కలిగిందని అదే పరిశోధనలో 2016లోనే తేలింది. మనవాళ్లకు ఇవన్నీ ఏం తెలుస్తాయి అనేవారు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. అవతల కబురు అందుకునే నర్సు ఉండాలన్నదీ మరవకూడదు. జవాబు రాని యాప్‌ను మూడో రోజు ఎవరూ తెరవరు.

అయితే ఆ యాప్ ఉండే ఫోన్ ఎవరిది? 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతమే. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ చాలాసార్లు కొడుకు చేతిలోనో అల్లుడి చేతిలోనో ఉంటుంది. "అమ్మకు చెప్పకండి డాక్టర్ గారూ, తట్టుకోలేదు" అని తలుపు దగ్గర ఆగి బతిమాలేదీ ఆ కొడుకే. ప్రేమతోనే అంటాడు, కాదనలేం. కానీ జుట్టు ఊడేది ఆమెకు, నోరు పూసేది ఆమెకు. ఎంతవరకు తెలుసుకోవాలనుందో, ఎవరితో కలిసి వినాలనుందో మొదట అడగాల్సింది ఆమెనే. అందుకే చదవడం రానివారికి గొంతుతో మాట్లాడే, మామూలు బటన్ ఫోన్‌కు కూడా కాల్ చేసే పద్ధతి కావాలి. వివరాలు ఆమె అనుమతి లేకుండా బయటికి పోకూడదు. దానికి 2023 డేటా రక్షణ చట్టం ఉంది.

ఇది కొత్తగా కోట్లు పోసి కట్టాల్సింది కాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో ఆస్పత్రులు రోగి రిపోర్టులు, చేయబోయే చికిత్స వివరాలు ఆన్‌లైన్‌లో పంపి ముందస్తు అనుమతి తీసుకుంటాయి. అంటే ప్లాన్ ఇప్పటికే కంప్యూటర్‌లో ఉంది. డబ్బు చెల్లించేవారు చూస్తున్నారు, ఒళ్లు అప్పగించిన మనిషి చూడటం లేదు. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలే చెబుతున్నాయి. అడగాలని ఎంతమందికి తెలుసు?

ఈ పథకం కింద రోగులకు సాయపడే ఆరోగ్యమిత్ర ఆస్పత్రిలోనే కూర్చుని ఉంటారు. అనుమతి వచ్చిన రోజే ప్లాన్‌ను తెలుగులో ఒక పేజీగా అచ్చు తీసి, చదివి వినిపించి, రోగి చేతికి ఇవ్వాలి. ఎన్ని సైకిళ్లు, ఏ తేదీలు, జ్వరమొస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి, ఇవన్నీ అందులో ఉండాలి. ఆమె అడిగిన ప్రశ్నలు రాసుకుని, మళ్లీ వచ్చినప్పుడు డాక్టరు తెర మీద ముందు అవే కనిపించేలా చేయాలి. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో, గుంటూరు ప్రభుత్వాస్పత్రి (జీజీహెచ్) క్యాన్సర్ విభాగంలో రెండు ప్రభుత్వాలూ ఈ ఏడాదే దీన్ని మొదలుపెట్టాలి.