బావ నడక టైము ముందుకు జరిగింది

మొన్న మేలో హైదరాబాద్ వెళ్లినప్పుడు బావ నన్ను నాలుగున్నరకే లేపారు. ఖాజాగూడ గుట్టలకి. పదేళ్ల కిందట మేమిద్దరం ఏడున్నర దాకా ఆ రాళ్ల మీద కూర్చుని, దిగొచ్చి బండి దగ్గర ఇడ్లీ తిని, అక్కతో తిట్లు తినేవాళ్లం. ఈసారి తెల్లారకముందే రాయి మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది, రాత్రంతా అది చల్లారనే లేదు. "ఏడు దాటితే ఉక్కకి ఆగలేం, పద" అన్నారు బావ.

నేనుండే అమెరికా సియాటిల్‌లో మాత్రం ఏం బాగుంది! 2021 జూన్ 28న 42 డిగ్రీలు కొట్టింది. హైదరాబాద్ వాణ్ణి, 42 నాకో లెక్కా అనుకున్నాను గానీ ఏసీ లేని చెక్క ఇంట్లో ఆ రాత్రి నిద్రపడితే ఒట్టు. ఇప్పుడు ఆగస్టులో ట్రెక్ అంటే ముందు అడవుల మంటల పొగ ఎటు వీస్తోందో చూసుకుంటాం. 2024లో భూమి సగటు వేడి, పరిశ్రమలు రాకముందు ఉన్నదానికంటే ఒకటిన్నర డిగ్రీ దాటింది. ఆ లెక్క పేపర్లో చదవకముందే కొండలెక్కేవాళ్ల కాళ్లకి తెలిసింది.

తెలిసి మనం చేస్తున్నదేంటి? గ్రూపులో టెన్షన్ పడతాం, అలారం ఓ గంట ముందుకి జరుపుతాం, కొండ బాగాలేకపోతే ఇంకో కొండ వెతుక్కుంటాం. నా పేచీ ఈ సర్దుబాటుతోనే. మేం దిగొచ్చే దారిలో కడుతున్న టవర్ దగ్గర ఇటుకలు మోసే ఆవిడకి అలారం మార్చుకునే వీలు లేదు, మధ్యాహ్నం రెండింటికి కూడా ఆమె అక్కడే ఉంటుంది.

హైదరాబాద్ వేడంతా పైనుంచి వచ్చిందే కాదు. చెట్లు కొట్టి, చెరువులు పూడ్చి, కాంక్రీటు పోసి మనమూ కొంత వండుకున్నాం. ఆ ఫ్లాట్లలో మనవాళ్లు కొన్నవీ ఉన్నాయి, నాదీ ఒకటుంది. (విమానమెక్కి వచ్చి ఈ మాటలు నువ్వు చెబుతున్నావా అని అక్క అడిగింది. నా దగ్గర జవాబు లేదు.)

250 కోట్ల ఏళ్ల నాటి ఈ గుట్టల గ్రానైట్‌ని కంకరగా కొట్టేస్తుంటే 1996లో కొందరు కలిసి సొసైటీ టు సేవ్ రాక్స్ పెట్టుకున్నారు. రాళ్ల మధ్య నడవడానికి జనాన్ని తీసుకెళ్లారు, వాటిని కాపాడమని ప్రభుత్వం వెంటపడ్డారు. నడక ఇష్టమున్నవాళ్లు పట్టుబడితే ఏమవుతుందో చూడాలంటే కొన్ని గుట్టలు ఇంకా నిలబడే ఉన్నాయి.

ఇక్కడి మన తెలుగువాళ్ల సంఘం ఏటా పెద్ద విందుకి (గాలా డిన్నర్) పెట్టే డబ్బులో కొంత ఒక చెరువుకో గుట్టకో ఇవ్వాలని వచ్చే మీటింగ్‌లో అడగబోతున్నాను. డిసెంబరులో ఊరెళ్లేవాళ్లు ఒక ఆదివారం మాల్ మానేసి ఖాజాగూడ రండి, బావ తీసుకెళ్తానన్నారు. ఆ నెలలో ఆరింటికొచ్చినా ఏమనరు.