గట్టు మీద నిలబడిన పిల్లవాడి భయం

ఎండలు ముదిరితే చాలు, ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల పత్రికా పేజీల్లో ఒకే రకం వార్త మళ్ళీ మళ్ళీ కనబడుతుంది. ఈతకు వెళ్ళిన నలుగురైదుగురు స్నేహితుల్లో ఒకరో ఇద్దరో తిరిగి రాలేదని, అందరూ హైస్కూలు, ఇంటర్ వయసు పిల్లలేనని, దగ్గరలో పెద్దవాళ్ళెవరూ లేరని చదువుతాం. వార్త చాలాసార్లు ‘ఈత రాకపోవడంతో’ అన్న మాట దగ్గర ఆగిపోతుంది. నిజానికి ఆరా అక్కడే మొదలు కావాలి. ఈత రాదన్న సంగతి విలేకరి కన్నా, పోలీసుల కన్నా ముందు ఆ పిల్లవాడికే తెలుసు. తెలిసీ ఎందుకు దిగాడు?

ఆ వయసుకు భయమంటే తెలియదని పెద్దలు చెప్పే జవాబుతో నేను ఏకీభవించలేను. భయం ఉంటుంది, కానీ దాన్ని బయటపెట్టుకునే చోటు ఉండదు. అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 2005లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో కళ్ళు తెరిపిస్తుంది. వాళ్ళు 306 మందిని మూడు వయోబృందాలుగా విడదీసి కంప్యూటర్ మీద కారు నడిపే ఆట ఆడించారు. పసుపు దీపం వెలిగాక ఎంత దూరం పోనిస్తే అన్ని పాయింట్లు వస్తాయి, మరీ ఆశపడితే కారు గుద్దుకుని వచ్చిందంతా పోతుంది. ఒంటరిగా ఆడినప్పుడు 13–16 ఏళ్ళ పిల్లలకూ 24 ఏళ్ళు దాటిన వాళ్ళకూ పెద్ద తేడా కనిపించలేదు. పక్కన ఈడువాళ్ళను కూర్చోబెట్టేసరికి పిల్లల సాహసం దాదాపు రెట్టింపయింది, పెద్దవాళ్ళు మాత్రం ఎప్పటిలాగే ఆడారు. అదే విశ్వవిద్యాలయం నుంచి 2011లో వచ్చిన మరో అధ్యయనంలో, పక్క గదిలోని స్నేహితులు తమ ఆటను తెర మీద చూస్తున్నారని తెలిసినప్పుడు పిల్లల మెదడులో ప్రతిఫలానికి స్పందించే భాగాలు మరింత చురుకయ్యాయని తేలింది.

అంటే పిల్లవాణ్ణి నీళ్ళలోకి తోయడానికి చెడు స్నేహితుడెవడూ అక్కర్లేదు. రెచ్చగొట్టే మాట కూడా అక్కర్లేకపోవచ్చు, తోటివాళ్ళ చూపు చాలు. ఇక మాటలు కూడా తోడైతే చెప్పేదేముంది? ‘ఏంరా, భయమా?’ అన్నది మొదటి మెట్టు. ‘గాజులు తొడుక్కోపో’ అన్నది ఆఖరిది. ఈ రెండోది పిల్లలు సొంతంగా కనిపెట్టిన మాటేమీ కాదు, రచ్చకట్టల మీద మన నోట విన్నదే.

ఈ ఒత్తిడి కొత్తది కాదు, మన తాతల కాలంలోనూ ఉంది. మారింది నీళ్ళు. ఒకప్పుడు ఈ మూడు జిల్లాల పల్లెల్లో ఈత అంటే ఊరి బావే. నడుముకు తాడు, వీపున బెండ్లో ఎండిన సొరబుర్రలో కట్టి, మామో చిన్నాయనో దిగుడు మెట్ల మీద తాడు పట్టుకుని కూర్చుంటే పిల్లవాడు కాళ్ళూ చేతులూ కొట్టేవాడు. రోజులు గడిచేకొద్దీ బెండ్లు ఒక్కొక్కటే తీసేసేవారు. ఆ పద్ధతిలో మొరటుతనం లేకపోలేదు, ఏడుస్తున్నా వినకుండా నీళ్ళలోకి విసిరేసిన పెద్దలు ఊరికొకరుండేవారు. అయినా ఆ బావిలో నీళ్ళు ఏ నెలలో ఎన్ని మట్లు ఉంటాయో, ఏ మూల రాయి పొడుచుకొచ్చిందో తెలిసిన మనిషి ఒకడు గట్టు మీద ఉండేవాడు. పిల్లవాడి భయం ఆ మనిషి కంట పడేది. ఆడపిల్లలకు ఆ పాటి ఈత కూడా దక్కలేదు, అది మరో వ్యాసానికి తగ్గ విషయం.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురంలో బోర్లు వందల అడుగుల లోతుకు దిగాక ఆ బావులు ఎండిపోయాయి. బావితో పాటే ఈత నేర్పే తరమూ పోయింది. తర్వాత నీళ్ళు వేరే దారుల్లో వచ్చాయి. మల్యాల దగ్గర శ్రీశైలం జలాలను ఎత్తిపోసి హంద్రీ–నీవా కాలువ అనంతపురం దాకా తెచ్చింది. జీడిపల్లి, గొల్లపల్లి, గండికోట జలాశయాలు నిండాయి. సీమకు ఇది ఎంత అవసరమో ఇక్కడి వాళ్ళకు చెప్పనక్కర్లేదు. కానీ కాలువ నీళ్ళను గట్టు మీంచి చూసి అంచనా కట్టడం కష్టం. పైకి నిదానంగా కనిపించే ప్రవాహం నడుము లోతులోనే కాళ్ళు లాగేస్తుంది. సిమెంటు వేసిన ఏటవాలు గోడకు పాచి పట్టి ఉంటే, ఈత వచ్చినవాడు కూడా పట్టు దొరక్క పైకి రాలేడు. పెన్నలో ఇసుక తవ్విన గుంతలదీ ఇదే కథ. నీళ్ళు పారాక మోకాటి లోతు ఎక్కడ ముగిసి నిలువు లోతు ఎక్కడ మొదలవుతుందో ఊరివాడికే తెలియదు.

అన్నింటికన్నా ప్రమాదకరమైనవి వదిలేసిన నాపరాయి గుంతలని నా అభిప్రాయం. బేతంచెర్ల, కొలిమిగుండ్ల నుంచి తాడిపత్రి, ఎర్రగుంట్ల దాకా ఇవి కనిపిస్తాయి. పొరలు పొరలుగా రాయిని కోసి తీసిన గుంత కాబట్టి గోడలు నిలువుగా, అంచులు పదునుగా ఉంటాయి. దిగడానికి మెట్లుండవు, ఎక్కడానికి వాలుండదు. వాన నీరూ ఊట నీరూ చేరాక పైనుంచి ఆకుపచ్చగా, తేటగా, ఎంతో చల్లగా కనిపిస్తుంది. అడుగున ఒక పక్క రెండు మట్లు ఉంటే పక్కనే సగం కోసి వదిలేసిన బండ నీటి మట్టానికి జానెడు కింద ఉండవచ్చు. 30 అడుగుల ఎత్తు నుంచి దూకిన మనిషి నీటిని తాకేసరికి గంటకు 48 కిలోమీటర్ల వేగం అందుకుంటాడు. ఆ వేగంతో ఒళ్ళు అడ్డంగా పడితే నీళ్ళే గట్టి దెబ్బ కొడతాయి, బండ తగిలితే చెప్పేదే లేదు. వదిలేసిన గనికి కంచె వేయడం యజమాని బాధ్యతేనని గనుల నిబంధనలు చెబుతున్నాయి. ఆ కంచె ఎన్ని గుంతల చుట్టూ నిలిచి ఉందో ఆ దారిన పోయేవారు ఎవరైనా చూడవచ్చు.

అంచున నిలబడ్డ పిల్లవాడి కాళ్ళు వణుకుతాయి, నోరు ఎండిపోతుంది, అరచేతులు చెమటలు పడతాయి. ఆ క్షణంలో ఆ గుంత గురించి ఆ గుంపులో ఎవరికైనా సరైన సమాచారం ఉందంటే అది ఆ వణుకే. దాన్ని దాచుకోవడమే మొగతనమని మనం నేర్పాం. పౌరుషాన్ని సీమకు పర్యాయపదంగా చేసి తొడ కొట్టించిన సినిమాలకూ ఇందులో వాటా ఉంది, వాటిని చూసి చప్పట్లు కొట్టిన మనకూ ఉంది. ఇప్పుడు ఫోనొకటి చేరింది. గండికోటలో పెన్న లోయ అంచున, కింద సుమారు 300 అడుగుల లోతు ఉండగా, ఎర్రబండ కొసన కాళ్ళు వేలాడేసుకుని ఫోటోలు దిగేవాళ్ళను సెలవు రోజుల్లో చూస్తూనే ఉంటాం. అక్కడున్న ముగ్గురు స్నేహితులే కాదు, రేపు ఆ ఫోటో చూడబోయే క్లాసు మొత్తం ఆ బండ మీద ఉన్నట్టే లెక్క.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. 5–14 ఏళ్ళ పిల్లల మరణాలకు ఇది మూడో అతిపెద్ద కారణం. బడి ఈడు పిల్లలకు ఈతా, నీటి జాగ్రత్తలూ నేర్పమని ఆ సంస్థ చెబుతోంది. మన దగ్గర మాత్రం ‘లోతుగా ఉంది, దిగరాదు’ అని బోర్డు పాతి చేతులు దులుపుకుంటున్నారు. ఆ బోర్డులో ఉన్న విషయం పిల్లలకు ముందే తెలుసు, సగం మంది దూకేది అందుకే. ఈత నేర్పే ఏర్పాటు ప్రతి మండలానికీ కావాలనడంలో నాకు సందేహం లేదు. అయితే గుంటూరులోనో తిరుపతిలోనో ఈతకొలనులో నేర్చుకున్నవాడు నాపరాయి గుంతలో బతికి బయటపడతాడన్న హామీ ఏమీ లేదు. పైగా ఈత కొంచెం వచ్చినవాడే మునిగిపోతున్న స్నేహితుడి కోసం ముందు దూకుతాడు. అతన్ని పట్టుకుని ఇతనూ, ఇతని కోసం మరొకడూ మునుగుతారు. లుంగీయో చీరో తువ్వాలో విసిరి గట్టు మీద నుంచే లాగాలన్న ఒక్క మాట బడిలో చేసి చూపిస్తే కొందరైనా బతుకుతారు.

తల్లిదండ్రులు చేయగలిగింది ఒకటుంది. ‘వెళ్ళావంటే కాళ్ళు విరగ్గొడతా’ అన్న బెదిరింపు పిల్లవాణ్ణి చెప్పకుండా వెళ్ళేలా చేస్తుంది. దాని బదులు, సాకుగా తన పేరు వాడుకోమని తండ్రే చెప్పవచ్చు. ‘మా నాయనకు తెలిస్తే చంపుతాడు రా, నేను రాను’ అన్నవాణ్ణి స్నేహితులు ఒక పూట ఏడిపిస్తారేమో గానీ పిరికోడనరు. ఆ కోపిష్టి తండ్రి వేషం వేయడానికి మనకు అభ్యంతరం ఎందుకు?

బడి చేయగలిగింది ఇంకొకటి. సోలమన్ ఆష్ అనే మనస్తత్వవేత్త 1950లలో, కళ్ళెదుట ఉన్న గీతల పొడవును గుంపంతా కావాలని తప్పుగా చెబితే మధ్యలో ఉన్న మనిషి ఏం చెబుతాడో పరీక్షించాడు. చాలామంది కనీసం ఒకసారైనా గుంపుతో పాటే తప్పు చెప్పారు. అయితే నిజం చెప్పే ఇంకొక్కడు తోడు దొరికితే, గుంపుకు లొంగడం దాదాపు నాలుగో వంతుకు పడిపోయింది. గట్టు మీద ఐదుగురిలో ఒకడు వెనక్కి జంకినప్పుడు మనం శిక్షణ ఇవ్వాల్సింది వాడికన్నా వాడి పక్కవాడికి. ‘నాకూ వద్దు రా, పోదాం పా’ అనగలిగితే చాలు. ఏప్రిల్ ఆఖరున సెలవులిచ్చే ముందు ఎనిమిది, తొమ్మిది తరగతులకు వ్యాయామ ఉపాధ్యాయుడు ఒక్క పీరియడ్ కేటాయించి, పిల్లలను గుంపులుగా నిలబెట్టి, ఈ మాటను నోటితో అనిపించి చూడవచ్చు. దానికి జీవో అక్కర్లేదు, నిధులూ అక్కర్లేదు.