సున్నా నుంచి మూడుకి ఎంత శాతం అభివృద్ధి సార్?

గంట క్రితం వాట్సాప్‌లో ఒక ఎక్సెల్ షీట్ వచ్చి పడింది. పైన ఎర్ర అక్షరాలతో "అత్యవసరం". మనకి అత్యవసరం కానిది ఏముంది గనక! ఒక గడిలో బేస్‌లైన్ (ఏడాది మొదట్లో పెట్టే పరీక్ష) మార్కులు, పక్క గడిలో మిడ్‌లైన్ (ఏడాది మధ్యలో పెట్టేది) మార్కులు, ఆ పక్కన "గ్రోత్ శాతం", చివర టీచర్ పేరు. 20 శాతం లోపు ఉంటే పసుపు రంగు, 10 లోపైతే ఎరుపు. ఎరుపు పడ్డవాళ్లు సంజాయిషీ రాసివ్వాలట. ఏ ఆఫీసు, ఏ సారు అని అడక్కండి. ఈపాటికి మీ గ్రూపులోనూ ఇలాంటిదొకటి తిరుగుతూనే ఉంటుంది.

ఆ ఫార్ములా కట్టిన మహానుభావుడికి ముందుగా ఐదో తరగతి లెక్క ఒకటి. పేపరు 20 మార్కులకి. ఒక పిల్లాడికి జులైలో 2, డిసెంబర్‌లో 5. పెరిగింది 3 మార్కులు, షీట్ ప్రకారం అభివృద్ధి 150 శాతం. శాలువా తెప్పించండి. పక్కనే కూర్చున్న పిల్లకి జులైలో 16, డిసెంబర్‌లో 19. పెరిగింది అవే 3 మార్కులు. శాతం 18.75. పసుపు గడి. ఇక 17 తెచ్చుకున్న పిల్ల సంగతి చూడండి. 20 శాతం పెరగాలంటే ఆమెకి 20.4 రావాలి. పేపరేమో 20కే. నూటికి నూరు తెచ్చుకున్నా 17.6 శాతం దగ్గర ఆగిపోతుంది, టీచర్‌కి పసుపు తప్పదు. అంటే తరగతిలో బాగా చదివే పిల్లలు ఎక్కువుంటే ఆ టీచర్ పుస్తకం తెరవకముందే ఫెయిల్ అయినట్టు.

సగటు తీసే తీరు ఇంకో వింత. పైన చెప్పిన ఇద్దరు పిల్లలతోనే తరగతి అనుకోండి. ఇద్దరి శాతాలూ కలిపి సగం చేస్తే 84 పైచిలుకు. మార్కులు ముందే కూడి, అంటే 18 నుంచి 24 అని, అప్పుడు శాతం కడితే 33. పిల్లలు వాళ్లే, మార్కులు అవే. ఒక హెచ్ఎం (హెడ్మాస్టర్) ఒకలా కడతారు, పక్క ఊరి హెచ్ఎం ఇంకోలా కడతారు, పైన కూర్చున్నాయన రెండూ పక్కపక్కన పెట్టి ర్యాంకులిస్తాడు. ఎలా కట్టాలో షీట్‌లో ఒక్క ముక్క లేదు. రంగులు మాత్రం ముందే వేసి పెట్టారు.

సున్నా వచ్చినవాడి గతేమిటి? సున్నా నుంచి 3కి వచ్చాడు. అసలు అభివృద్ధి అంటే అదే కదా. కానీ సున్నాతో భాగించడం కుదరదు కాబట్టి ఎక్సెల్ ఆ గడిలో తప్పు చూపిస్తుంది. తప్పు చూపిస్తున్న షీట్ పంపితే పైనుంచి ఫోన్. అందుకని సున్నా తీసేసి 1 కొట్టడం మన ఆనవాయితీ. అప్పుడు 200 శాతం! ఆగస్టులో చేరిన పిల్లలకైతే బేస్‌లైనే ఉండదు. వాళ్ల గడిలోనూ ఏదో ఒకటి కొట్టాల్సిందే, ఖాళీ గడిని షీట్ ఒప్పుకోదు. పత్తి తీతలకనో ఇటుక బట్టీలకనో తల్లిదండ్రులతో వెళ్లిపోయిన పిల్లల పేర్లు రెండో పరీక్షలో ఉండవు. అయినా మొదటి సగటులో మొత్తం పిల్లలు, రెండో సగటులో మిగిలిన పిల్లలు. రెండూ వేర్వేరు తరగతులు అని ఎవరికీ తట్టదు. రెండు పరీక్షలూ రాసిన పిల్లల్ని మాత్రమే పోల్చాలన్నది ఈ పనిలో మొదటి పాఠం. అదే ఎగిరిపోయింది.

సరే, శాతం గోల వదిలేద్దాం. మార్కులే చూద్దాం. 20 ప్రశ్నలు, ప్రశ్నకో మార్కు. విషయం సగం వచ్చిన పిల్లాడికి మామూలుగా 10 రావాలి. కానీ ఆ రోజు అడిగిన ప్రశ్నల్ని బట్టి 8 రావచ్చు, 12 రావచ్చు. కొత్తగా ఒక్క ముక్క నేర్చుకోకపోయినా, మర్చిపోకపోయినా అంతే. ఇది పిల్లాడి తప్పు కాదు, చిన్న పేపరు గుణం. మన షీట్‌లో 8 నుంచి 12 అంటే 50 శాతం అభివృద్ధి. 12 నుంచి 8 అంటే 33 శాతం పతనం, సంజాయిషీ. పిల్లలు 24 మంది ఉంటే ఈ ఊగుడు కొంత సర్దుకుంటుంది. తరగతికి ఐదుగురే ఉన్న ప్రాథమిక బడిలో ఏం సర్దుకుంటుంది? ఒక్కడికి జ్వరమొస్తే టీచర్ గ్రేడ్ మారిపోతుంది.

"సి గ్రేడ్ పిల్లల మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టాం, అందరూ పెరిగారు" అని కాంప్లెక్స్ మీటింగులో (చుట్టుపక్కల బళ్ల టీచర్లంతా కూడే సమావేశం) చప్పట్లు కొడతారు చూడండి, అందులోనూ తిరకాసుంది. ఒక్క పరీక్షలో అట్టడుగున ఉన్నవాళ్లని ఏరితే, నిజంగా రానివాళ్లతో పాటు ఆ రోజు ఖర్మకాలి తక్కువ తెచ్చుకున్నవాళ్లూ అందులో ఉంటారు. వాళ్లు మళ్లీ రాస్తే వాళ్ల అసలు మార్కు దగ్గరికి వాళ్లే వస్తారు. ఎవరూ ఏమీ చేయకపోయినా ఆ గుంపు సగటు పైకి లేస్తుంది. పైన ఉన్న గుంపు సగటు అలాగే కొంచెం దిగుతుంది. లేచినదానికి మనకి సన్మానం, దిగినదానికి మనకే మెమో.

రెండు పేపర్లూ ఒకే బరువున్నవా అంటే అదీ లేదు. జులై పేపర్లో "472 - 138", డిసెంబర్ పేపర్లో రాత లెక్క. రెంటిలోనూ ఉమ్మడి ప్రశ్నలు నాలుగైదు పెడితే ఏది సులువో ఏది కష్టమో తేలుతుంది. పోనీ ఎఫ్ఏ (ఏడాది పొడవునా బడిలోనే వేసే నిర్మాణాత్మక మూల్యాంకనం) మార్కుల్ని ఎస్ఏ (టర్ము చివర పెట్టే పెద్ద పరీక్ష) మార్కులతో పోల్చేద్దామంటారా? తెలంగాణ బళ్లలో ఎఫ్ఏ అంటే పిల్లల భాగస్వామ్యం 10, రాత అంశాలు 10, ప్రాజెక్టు 10, లఘు పరీక్ష 20. ఈ 50ని హైస్కూల్లో 20కి కుదిస్తారు. అంటే ఆ 20లో పిల్లాడు పరీక్ష రాసి తెచ్చుకునేది 8కే. మిగతా 12 మన చేతి చలవ. దాన్ని 80 మార్కుల ఎస్ఏ పక్కన పెట్టి "గ్రోత్" అంటున్నారు. బియ్యం కుంచంతో కొలిచి, నూనె సోలతో కొలిచి, తేడా ఎంత అని అడిగినట్టుంది.

ఆ 12 గురించి కూడా మాట్లాడుకోవాలి, ఎలాగూ కదిలించారు కాబట్టి. ప్రాజెక్టు పని అని పెట్టారు, ఉద్దేశం మంచిదే. జరిగేదేమిటి? బజార్లో చార్టు కొనడం, గైడులో ఉన్నది ఎక్కించడం, అట్ట మీద పూలు గీయడం, పదికి తొమ్మిది. తరగతి మొత్తానికీ తొమ్మిదే. పదో తరగతికి ఇంటర్నల్స్ (బడిలోనే వేసే 20 మార్కులు) వచ్చాక కొన్ని పేరుమోసిన బళ్లలో 20కి 20 కాని పిల్లాడే లేడు. ప్రభుత్వ బళ్లో నిజాయితీగా 13 వేసిన టీచర్‌ని మాత్రం "పిల్లల భవిష్యత్తుతో ఆడుకుంటున్నారా" అని నిలదీశారు. ఈ తప్పులో మన వాటా కూడా ఉంది, కాదనను. కానీ వేసిన మార్కుతోనే నిన్ను తూస్తామంటే మార్కులు ఎలా వేస్తారో తెలియడానికి మనస్తత్వ శాస్త్రం చదవక్కర్లేదు. ఇప్పుడు బేస్‌లైన్‌కీ అదే తంతు. జూన్ 12న బడి తెరిచి, పిల్లలు సెలవుల మత్తులో ఉండగానే పరీక్ష పెట్టేయ్. తక్కువ వస్తుంది. ఇంకొంచెం తక్కువ వేసెయ్. నెల తిరిగేసరికి వేసవిలో మర్చిపోయింది వాళ్లకే గుర్తొస్తుంది. అదంతా "గ్రోత్" ఖాతాలోకి!

"అమెరికాలో ఇలాగే చేస్తారండీ" అని ఒకాయన ఎప్పుడూ ఉంటాడు. చేశారు నాయనా, చేసి చేతులు కాల్చుకున్నారు. అక్కడ ఈ విద్యకి ఆద్యుల్లో ఒకరైన విలియం శాండర్స్, టెనసీలో వ్యవసాయ రంగంలో పనిచేసిన గణాంకవేత్త. పశువుల జన్యులక్షణాలు అంచనా వేయడానికి వాడే లెక్కల పద్ధతినే పిల్లల మార్కులకి, టీచర్లకి వాడారు. పాడి గేదె లెక్క మనకి కొత్త కాదు కదా, బాగానే నచ్చుంటుంది. 2014లో అమెరికా గణాంకవేత్తల సంఘమే చెప్పింది, మార్కుల్లో కనిపించే తేడాల్లో టీచర్ వాటా చాలా అధ్యయనాల్లో 1 నుంచి 14 శాతం దాకానే తేలిందని. న్యూయార్క్‌లో నాలుగో తరగతి చెప్పే షెరి లెడర్‌మన్ అనే టీచర్‌కి గ్రోత్ స్కోరు ఒక ఏడాది 20కి 14, మరుసటి ఏడాది 20కి 1. ఆమె కోర్టుకెళ్తే 2016లో జడ్జి ఆ స్కోరు కొట్టేశారు. అట్లాంటాలో 2009 పరీక్షల్లో తప్పు జవాబు చెరిపి ఒప్పు దిద్దిన గుర్తులు లెక్కకు మించి కనపడితే విచారణ వేశారు. 178 మంది పేర్లు బయటికొచ్చాయి, 2015లో 11 మందిని కోర్టు దోషులుగా తేల్చింది. టీచర్ని పిల్లాడి మార్కుకి కట్టేస్తే, రబ్బరు ఎవరి చేతిలో ఉంటుందో చెప్పక్కర్లేదు.

మరి కొలవద్దా? కొలవాలి. కొలవకుండా తప్పించుకోవాలని ఎవరూ అనడం లేదు. ప్రతి పిల్లాడి అభ్యసన సామర్థ్యాన్ని అంచనా వేసి, అవసరమైతే అదనంగా చెప్పడం టీచర్ విధి అని విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్లోనే ఉంది. గొడవంతా దేన్ని కొలుస్తున్నామన్నదే.

తెలుగు చదవడమే తీసుకోండి. చదివే స్థాయి రాసే షీట్లో నాలుగు గడులు: అక్షరం, పదం, పేరా, కథ. "పదం" గడిలో ఎంతమంది ఇరుక్కుపోతారో చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది. వల, పడవ లాంటి సరళ పదాలు చదివేవాడూ "పదం" గడిలోనే. గుడి, గుడి దీర్ఘం, కొమ్ము, ఏత్వం, ఓత్వం పట్టుబడి చీపురు, మేడ, గోపి చదివేవాడూ అక్కడే. ద్విత్వాలు వచ్చి పువ్వు, అక్క చదివేవాడూ, సంయుక్తాక్షరాలు వచ్చి పద్మ, సూర్యుడు చదివేవాడూ అక్కడే. సరళ పదాల నుంచి ఒత్తుల దాకా రావడమంటే ఆ పిల్లాడికి ఒక ఏడాది యుద్ధం. జులైలో "పదం", మార్చిలో "పదం", అభివృద్ధి సున్నా! ఆ గడిని నాలుగు చేయండి: సరళ, గుణింత, ద్విత్వ, సంయుక్త. ఒక్కోదానికి పది పదాలు, పిల్లాడు విడిగా వచ్చి చదవాలి, ఏడు తప్పులేకుండా చదివితే ఆ మెట్టు దాటినట్టు. ఎక్కడ తడబడ్డాడో పక్కన రాయండి. కొ, కో తేడా తెలీడం లేదా, మ, య ఒకటే అనుకుంటున్నాడా, ఒత్తు వదిలేసి చదువుతున్నాడా? రేపు పొద్దున్న ఏం చెప్పాలో ఆ ఒక్క ముక్క చెబుతుంది. 37 శాతం ఏం చెబుతుంది?

నిమిషానికి ఇన్ని పదాలు అనే లక్ష్యం కూడా ఇలాంటిదే. 2021లో మొదలైన నిపుణ్ భారత్‌లో (చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు నేర్పే కేంద్ర పథకం) రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతికి కనీసం 60 అన్నారు. "చదువుకోవాలనుకుంటున్నాను" అనేది తెలుగులో ఒక్క పదం అయ్యా! ఇంగ్లీషు పిల్లాడు అదే మాట నాలుగు పొట్టి పదాల్లో చెప్పి నాలుగు పాయింట్లు కొట్టేస్తాడు. 2022లో ఎన్‌సీఈఆర్టీ (కేంద్ర విద్యా పరిశోధన సంస్థ) చేసిన ఫౌండేషనల్ లెర్నింగ్ స్టడీలో ఒక్కో భాషకి ఒక్కో ప్రమాణం పెట్టారు, అది తెలివైన పని. కింది షీట్లలో మాత్రం ఆ 60 గోడకి కొట్టిన మేకులా అలాగే ఉంది.

లక్ష్యం పెట్టాలంటే పిల్లాడు ఉన్న మెట్టు నుంచి పెట్టండి. ఆరుగురు సరళ పదాల దగ్గరున్నారనుకోండి. డిసెంబర్‌కి నలుగురు గుణింతాలు దాటాలి, ఇద్దరు ద్విత్వాలకి రావాలి అని రాసుకోవచ్చు. సంయుక్తాల దగ్గరున్నవాళ్లకి పేరా చదివి రెండు ప్రశ్నలకి సొంత మాటల్లో జవాబు. రెండో పరీక్ష పక్క బడి టీచర్ వచ్చి పెట్టాలి, మన టీచర్ అక్కడికెళ్లి పెట్టాలి. పదాలు వేరుగా ఉండాలి, కష్టం అదే ఉండాలి. లేకపోతే పిల్లలు పేజీ బట్టీ కొట్టి కళ్లు మూసుకుని "చదివేస్తారు". పిల్లాడికి పది నిమిషాలు పడుతుంది. 24 మందికి నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలు మిగతా నాలుగు తరగతుల్ని ఎవరు చూస్తారంటే, ఏకోపాధ్యాయ బడిలో గోడలు చూస్తాయి.

అసలు కడుపుమంట అక్కడే. ఒకటి నుంచి ఐదు దాకా 18 సబ్జెక్టులు, ఒక ఎస్‌జీటీ (ప్రాథమిక బడి టీచర్). మధ్యలో ఓటర్ల జాబితా చూసే బీఎల్‌ఓ డ్యూటీ. ఆంధ్రలో ఒకప్పుడు మరుగుదొడ్ల ఫొటోలు కూడా టీచర్లే యాప్‌లో ఎక్కించారు, గుర్తుందా? కమోడ్ శుభ్రతలో గ్రోత్ శాతం అడగలేదు, సంతోషం. జనగణన, విపత్తులు, ఎన్నికలు తప్ప వేరే పనులు చెప్పొద్దని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్లో ఉంది. ఎవరు చదివారు? అక్టోబర్‌లో వర్క్ అడ్జస్ట్‌మెంట్ అని ఇంకో బడికి పంపిన టీచర్ పేరు పక్కన ఏ పిల్లల గ్రోత్ రాయాలి? వదిలి వెళ్లిన పిల్లలదా, కొత్తగా దొరికినవాళ్లదా? షీట్లో టీచర్ పేరుకి ఒకటే గడి.

టీచర్ని తూచాలనుకుంటే తరగతిలోకి రండి. వెనక బెంచీలో 40 నిమిషాలు కూర్చోండి. ఏ పిల్లాడు ఏ మెట్టు మీద ఉన్నాడో అడగండి, రిజిస్టర్ తీయకుండా చెప్పగలిగితే ఆ టీచర్ పనిచేస్తున్నట్టు. అందుకు డీజిల్ ఖర్చవుతుంది, ఎక్సెల్ అయితే ఊరికే వస్తుంది.

ఆ షీట్లో ఇంకో గడి పెట్టమని ఎవరైనా చెప్పండి: పిల్లాడు బడికొచ్చిన రోజులు. 110 పనిదినాల్లో 30 రోజులొచ్చినవాడి సున్నాకీ, రోజూ వచ్చినవాడి సున్నాకీ రంగు ఒకటే పడుతోంది.

రేపు పదింటికల్లా పంపాలట. సున్నా వచ్చినవాళ్ల గడిలో ఏం కొట్టాలో ఇంకా ఎవరూ చెప్పలేదు. గ్రూపులో అప్పుడే 14 మంది "ఓకే సార్" పెట్టేశారు.