ఔ అన్నదెవరు?

మా అమ్మ ఎవరితో మాట్లాడుతున్నా మధ్యమధ్య "ఔ" అంటుంది. ఒప్పుకున్నట్టు కాదు, వింటున్నట్టు. ఎదుటివాళ్లు చెప్పేది నమ్మకపోతే "ఔ మల్ల" అంటుంది. నచ్చకపోతే "ఔ...?" అని సాగదీస్తుంది. ఆశ్చర్యమైతే "ఔనే!" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంటుంది. హనుమకొండలో ఇదేం వింత కాదు. కాని ఈ ఒక్క అక్షరం వల్ల ఓరుగల్లుకు రాజధాని హోదా పోయింది. పోగొట్టింది నేనేనని సభ రికార్డుల్లో ఉంది.

ఏ సభ అని అడగకండి, అంటూనే చెప్పేస్తాను. ఫోన్లో నడిచే ఉత్తుత్తి శాసనసభ. ఇరవై నాలుగు మంది సభ్యులం. మాకో ఊహా రాష్ట్రం ఉంది, ఎన్నికలున్నాయి, మంత్రులున్నారు, బడ్జెట్ కూడా ఉంది, డబ్బే లేదు. ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు నన్ను ఇందులోకి దింపి, పరీక్షలని వాడు మెల్లగా జారుకున్నాడు. నేను ఇరుక్కుపోయాను. ఎందుకంటే, ఆఫీసులో ఒక ఫైలు కోసం మూడుసార్లు అడిగితే గాని అటెండర్ కూడా తలెత్తి చూడని నన్ను, ఇక్కడ "గౌరవ సభ్యులు" అంటారు. పైగా ప్రతిపక్ష చీఫ్ విప్ పదవి ఇచ్చారు, అంటే మా వాళ్లందరితో పార్టీ చెప్పినట్టు ఓటేయించే పని. యాభై రెండేళ్ల వయసులో వచ్చిన ప్రమోషన్ అదొక్కటే.

మా పార్టీ అధ్యక్షుడికి పంతొమ్మిదేళ్లు. కాజీపేట కుర్రాడు, డిగ్రీ రెండో సంవత్సరం. సభలో "విప్ గారూ" అంటాడు, సభ అయిపోగానే "అంకుల్" అంటాడు.

సంక్రాంతికి వారం ముందు పాలక పక్షం బిల్లు పెట్టింది. రాజధానిని ఓరుగల్లు నుంచి కరీంనగర్‌కు మార్చాలట. కాకతీయులు కూడా హనుమకొండ నుంచి ఓరుగల్లుకు మార్చలేదా అని వాళ్ల వాదన. కాకతీయులు మార్చింది సిటీ బస్సు పోయేంత దూరం, మీరు మార్చేది జిల్లాలు దాటి అని మా వాదన. రెండు రాత్రులు దీని మీదే గొడవ. చివరికి పాలక పక్షంలోనే ఇద్దరు వరంగల్ వాళ్లకు రోషం వచ్చి మా వైపు తిరిగారు. స్పీకర్‌ను వదిలేసి లెక్క వేస్తే వాళ్లకు 11, మాకు 12.

"అంకుల్, 1999 ఏప్రిల్ 17 గుర్తుందా? 269కి 270. ఒక్క ఓటు! వాజ్‌పేయి ప్రభుత్వం పడిపోయింది" అన్నాడు అధ్యక్షుడు. నాకు గుర్తులేకేం, మర్నాడు పేపరు చింపుకుని మరీ చదివాం. అప్పటికి వీడింకా పుట్టనే లేదు. అయినా బుద్ధిగా విని, ఇలాగే ఓటేయాలని ఆదేశిస్తూ మా వాళ్లకు విప్ జారీ చేశాను. మామూలు విప్ కాదు, మూడు గీతలది. తప్పనిసరి అని చెప్పడానికి కింద మూడు గీతలు గీసే ఆచారం నుంచి ఆ పేరు వచ్చింది. నేను స్కేలు పెట్టి గీసి, ఫొటో తీసి అందరికీ పంపాను. ధిక్కరించిన వారిపై ఫిరాయింపుల చట్టం కింద చర్య తీసుకోబడును అని రాసి, కింద నా సంతకం.

శనివారం సాయంత్రం ఏడింటికి ఓటింగ్. ఆ రోజే మా ఇంట్లో సకినాలు.

సకినాలు చుట్టడం మగవాళ్లకు రాదని మా అమ్మ నమ్మకం, అది నిజం కూడా. తెల్లటి పంచె పరిచి, నువ్వులూ వామూ కలిపిన బియ్యప్పిండిని రెండు వేళ్ల మధ్య నుంచి సన్నగా జార్చుతూ, తెగకుండా నాలుగు వరుసలు తిప్పుతుంది. నేను తిప్పితే పంచె మీద వానపాములు పడుకున్నట్టుంటుంది. అందుకని నాకు పిండి తడిపే పని ఇచ్చారు. మా ఆవిడ పొయ్యి దగ్గర. పక్కింటి పెద్దమ్మ సాయానికి వచ్చింది, అంటే కబుర్లకు. ఫోను బియ్యం డబ్బాకు ఆనించి, మైకు ఆపాననుకుని, మోచేతుల దాకా పిండిలో ఉన్నాను.

స్పీకర్‌ది కరీంనగర్. మందుల దుకాణం ఆయనకు. సభ నడుపుతూనే గోలీలు అమ్ముతుంటాడు. "గౌరవ సభ్యులు శాంతించాలి, పొద్దున ఒకటి రాత్రి ఒకటి, తిన్నాక" అని మొన్నొకసారి ఆర్థిక మంత్రికి చెప్పినట్టే చెప్పాడు.

ముందు మూజువాణి ఓటు. అనుకూలమైనవాళ్లు "అవును" అనాలి, కానివాళ్లు "కాదు" అనాలి, ఏ గొంతు పెద్దదో స్పీకర్ చెవి తేలుస్తుంది. మూజువాణిని తక్కువ చేసి మాట్లాడే హక్కు మా తెలంగాణ వాళ్లకు లేదు లెండి. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో మన తెలంగాణ బిల్లు గట్టెక్కింది దానితోనే. టీవీ ప్రసారం ఆగిపోయి, ఏమైందో తెలియక మా వీధి వీధంతా బయట నిలబడ్డ రోజు అది. కాని అక్కడ సభలో మా అమ్మ లేదు.

"బిల్లును సమర్థించేవారు అవును అనండి" అన్నాడు స్పీకర్.

సరిగ్గా అప్పుడే పెద్దమ్మ తన మనవరాలి సంబంధం కథ రసపట్టులో పెట్టింది.

"పిలగాడు బెంగుళూరుల కొలువన్నరు వదినా."

"ఔ" అంది అమ్మ.

"పోయి సూస్తే కొలువు లేదు, పాడు లేదు."

"ఔనే!"

"పిల్ల అప్పుడే సమజ్ జేసుకొని వద్దన్నది."

"ఔ, మంచిగ జేసింది."

సభలో మాట్లాడినవాళ్ల బొమ్మ చుట్టూ పచ్చటి గీత వెలుగుతుంది. తలెత్తి చూసేసరికి నా బొమ్మ చుట్టూ మూడోసారి వెలిగి ఆరిపోతోంది. మైకు ఆగనే లేదు, ఆపానని అనుకున్నది నా మోచెయ్యి ఒక్కటే.

"అవును అన్నవారిదే పైచేయి" అని ప్రకటించాడు స్పీకర్. "ప్రతిపక్ష విప్ గారు మూడుసార్లు అన్నారు, మంచిగ జేశారని కూడా అభినందించారు. గొంతు మారింది, జలుబు చేసినట్టుంది, ఆవిరి పట్టండి."

"డివిజన్! డివిజన్!" అని కేక పెట్టాడు మా అధ్యక్షుడు. మూజువాణి మీద అనుమానం వస్తే లెక్కపెట్టి ఓటు వేయించమని అడిగే హక్కు సభ్యుడికి ఉంది. అసలు పార్లమెంటులో అయితే దీనికి ముందు గంటలు మోగుతాయి, ఎక్కడెక్కడో ఉన్న సభ్యులు పరుగెత్తుకొస్తారు, తరువాత తలుపులు మూస్తారు. మాకు ఫోను ఒకసారి టింగుమంటుంది. ఐదు నిమిషాల్లో ఒక్క మాట రాసి పంపాలి: అవును, కాదు, తటస్థం. ఒక్క మాటే. దిద్దితే చెల్లదు. గాలి ఎటు వీస్తుందో చూసి ఓటు మార్చేవాళ్లు ఎక్కువయ్యారని ఈ నియమం పెట్టించింది మా పార్టీయే. ముసాయిదా నాది.

బొటనవేలు తుడిచాను, పిండి పోలేదు. ఫోను మీద పెడితే "క" రావాల్సిన చోట ఏదో బొమ్మ వచ్చింది, ఏడుస్తున్న ముఖం. తుడుద్దామంటే తెర నిండా నువ్వులు అంటుకున్నాయి. మా ఆవిడను పిలిచాను. "నూనె కాగుతుంది, నీ అసెంబ్లీకి రానీకి నేనేమన్న నామినేటెడ్ మెంబర్నా" అంది. ఆమె పాలక పక్షంలో ఉంటే బాగుండేదని మొదటిసారి అనిపించింది. నిమిషంన్నర మిగిలింది. అప్పుడు తెలివి వచ్చింది: నోటితో చెబితే ఫోనే రాస్తుంది కదా! ముక్కుతో మైకు బొమ్మ నొక్కి, స్పష్టంగా, నిదానంగా "కాదు" అన్నాను.

"కాదంటే కాదని మొఖం మీదనే జెప్పింది వదినా" అంది పెద్దమ్మ, నా మాట తనకే అనుకుని.

"ఔ" అంది అమ్మ.

పెద్దమ్మ మాట్లాడిందంతా వదిలేసి, ఆ ఫోను రెండే మాటలు ఏరుకుంది. "కాదు ఔ." ఓటు వెళ్లిపోయింది.

రెండు మాటలుంటే చెల్లదని చేయి దానంతట అదే పోయి "ఔ" చెరిపింది. చెరిపాక చూసుకుంటే ఓటు కింద చీమంత అక్షరాలు: "సవరించబడింది". దాని మీద ఒక నువ్వుగింజ.

11కు 11. నా ఓటు చెల్లలేదు. సమానంగా వస్తే తప్ప ఓటు వేయకూడని స్పీకర్‌కు ఇప్పుడు నిర్ణాయక ఓటు వచ్చింది. బ్రిటన్‌లో అయితే ఇలాంటప్పుడు స్పీకర్ ఉన్నది ఉన్నట్టే ఉంచేలా ఓటేయడం ఆనవాయితీ అని మా అధ్యక్షుడు ఏడుపు గొంతుతో గుర్తు చేశాడు. "ఇది కరీంనగర్ బాబూ" అన్నాడు స్పీకర్. ఇంకా కానే లేదు, అప్పుడే కరీంనగర్ అనేశాడు.

ఆ రాత్రి నాకు నేనే నోటీసు ఇచ్చుకోవాల్సి వచ్చింది. విప్ ధిక్కరిస్తే నోటీసు పంపాల్సింది చీఫ్ విప్, ధిక్కరించింది చీఫ్ విప్. ఇరవై ఏడేళ్ల గుమాస్తాగిరీ ఊరికే పోదు కదా, పది నిమిషాల్లో రెండూ రాశాను. "మీపై చర్య ఎందుకు తీసుకోరాదో తెలపగలరు" అని ఒకటి, "అయ్యా, నేను నిర్దోషిని" అని ఇంకొకటి. నిజం చెప్పాలంటే నోటీసే బలంగా వచ్చింది. జవాబు చదివితే నాకే నమ్మకం కలగలేదు.

ఫిరాయింపుల చట్టం ఉన్న రాజ్యాంగం పదో షెడ్యూలులో ఒక దారి ఉంది. విప్‌కు విరుద్ధంగా నడిచినా, 15 రోజుల్లోపు పార్టీ మన్నిస్తే సభ్యత్వం పోదు. "మన్నిస్తా అంకుల్, కాని విచారణ జరిపినట్టు కాగితం ఉండాలి" అన్నాడు అధ్యక్షుడు. ఆదివారం పదకొండింటికి నోటు పుస్తకం, పెన్ను పట్టుకుని కాజీపేట నుంచి బండి మీద వచ్చాడు. అమ్మ పళ్లెం నిండా సకినాలు పెట్టింది. విచారణ మొదలు కాకముందే నాలుగు అయిపోయాయి.

"అమ్మమ్మా, నిన్న ఓటింగ్ అయితున్నప్పుడు మూడుసార్లు ఔ అన్నది మీరే కదా?"

కుర్రాడు, పుస్తకం, పెన్ను. అమ్మ మూడింటినీ ఒక్కొక్కటిగా చూసింది. తరువాత నన్ను చూసింది. ఏదో కేసులో ఇరికించి ఇంటి మీదికి తెచ్చానని ఆ చూపులో ఉంది.

"నేనెందుకంట బిడ్డా?" అంది. "నాకేం ఎర్క. నేనేమనలే. కాదు."

పుట్టి బుద్ధెరిగాక మా అమ్మ నోట అంత స్పష్టమైన "కాదు" నేను వినలేదు. అధ్యక్షుడు నావైపు జాలిగా చూసి, పుస్తకంలో "సాక్షి: కాదు" అని రాసుకున్నాడు.

"మంచిగున్నయా బిడ్డా, ఇంకో రెండేద్దునా?" అంది అమ్మ పళ్లెం దగ్గరికి జరుపుతూ.

వాడి నోటి నిండా సకినం ఉంది.

"ఔ" అన్నాడు.