హచ్ కుక్కా, లాబ్రడారా? డెల్టా ఇంటికి ఏది నప్పుతుంది

పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు, పెద్దవాళ్లిద్దరే ఊళ్లో ఉంటారు. అమలాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఇలాంటి ఇళ్లు కొల్లలు. సంక్రాంతికి అందరూ కలిసినప్పుడు కుక్కపిల్ల మాట వస్తుంది. కూతురు హచ్ కుక్క, అంటే పగ్ కావాలంటుంది: ముద్దుగా ఉంటుంది, పిడికెడు తింటుంది, పెద్ద కుక్కలు మన ఎండలకు ఆగవు అని. కొడుకు లాబ్రడార్ అంటాడు: ఇంటికి కాపలా ఉంటుంది, దొంగ భయం ఉండదు అని. ఇద్దరి లెక్కా తప్పే.

ముందు ఎండ సంగతి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల అడుగున కొద్దిగా పడుతుందంతే. నాలుక బయటపెట్టి రొప్పుతూ ముక్కులో, నోట్లో ఉన్న తడిని ఆవిరి చేసుకుని ఒంటి వేడి దించుకుంటుంది. గాలి నిండా తేమ ఉంటే ఆ తడి ఆరదు. అందుకే మన ప్రాంతంలో కుక్కను ఎంచుకునేటప్పుడు థర్మామీటర్ కన్నా ఉక్కపోతను చూసుకోవాలి. రెంటచింతలలో 45 డిగ్రీలు కాసిన రోజున కాకినాడలో 38 ఉందని మనమెవరమూ చల్లగా ఉందనుకోం కదా!

ఈ లెక్కలో చిన్న కుక్కా పెద్ద కుక్కా అన్నదానికన్నా మూతి పొడవు ముఖ్యం. 2003లో హచ్ ఫోన్ ప్రకటనతో ఇంటింటి ముద్దు అయిపోయిన పగ్‌కి మూతి దాదాపు లేనట్టే. ముక్కు రంధ్రాలు సన్నం. కుదించుకుపోయిన నోట్లో అంగిలి వెనక భాగం మిగిలిపోయి గొంతుకు అడ్డం పడుతుంది. రొప్పడానికే అది కష్టపడాలి, ఆ కష్టానికే ఇంకాస్త వేడెక్కుతుంది. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు ఓ పగ్‌ను గమనించండి. బాత్‌రూమ్ గచ్చుకి పొట్ట ఆనించి, వెనక కాళ్లు బారజాపి, గుర్రుగుర్రుమంటూ పడి ఉంటుంది. ‘మావాడు అచ్చం మనిషిలాగే గురక పెడతాడండీ’ అని ఇంట్లోవాళ్లు మురిసిపోతుంటారు. ఆ చప్పుడు గాలి సరిగ్గా ఆడక వచ్చేది. నాలుక ఊదారంగుకి తిరిగిందంటే ఇక ఆలోచించే సమయం ఉండదు. ఒళ్లంతా మామూలు నీళ్లు పోసి, గాలి విసురుతూ డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే. ఇక మొహం మీది ముడతలు. మన ఉక్కకు అవి రెండు రోజులు తుడవకపోతే చెమ్మ చేరి కంపు కొడతాయి, ఆపైన పుండు పడతాయి. బయటికి పొడుచుకొచ్చినట్టుండే కళ్లకు చిన్న గీత పడినా ప్రమాదమే.

లాబ్రడార్ పూర్వీకులది కెనడాలోని చలి ప్రాంతమైన న్యూఫౌండ్‌లాండ్, పైగా రెండు పొరల బొచ్చు. అయినా పొడవైన మూతి ఉంది కాబట్టి, నీడా నీళ్లూ ఉండి ఒళ్లు చేయకపోతే నెట్టుకొస్తుంది. చిక్కంతా ఆ ఒళ్లు చేయకపోవడం దగ్గరే. ఆకలి తీరిందన్న కబురు మెదడుకు సరిగ్గా అందనివ్వని జన్యులోపం సుమారు నాలుగో వంతు లాబ్రడార్లలో ఉందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు తేల్చారు. అలాంటి జంతువును మన అమ్మమ్మల చేతికిచ్చామంటే చెప్పేదేముంది! సారె వచ్చిన రోజు కాజాలు, మధ్యాహ్నం మిగిలిన పులుసన్నం, రాత్రికి పెరుగన్నం. వద్దంటే ‘నోరులేని జీవిరా’ అంటారు. ఆ పులుసులో ఉడికిన ఉల్లిపాయలు కుక్క నెత్తుట్లో ఎర్రకణాలను దెబ్బతీస్తాయని చెప్పినా నమ్మరు.

నీళ్లంటే దానికి ప్రాణం. మనకేమో గుమ్మం దిగితే బోదె, బోదె దాటితే పంట కాలువ, ఆ పక్కన చేపల చెరువు. ఎక్కడో చోట దూకి, వరండా నిండా బురద విదిలిస్తుంది. బురద కడుక్కోవచ్చు. వేలాడే చెవుల్లో తడి మాత్రం ఆరదు, పట్టించుకోకపోతే చీము పడుతుంది. ఎలుకల మూత్రం కలిసిన నీటితో వచ్చే లెప్టోస్పైరోసిస్ కుక్కకీ సోకుతుంది, దాన్నుంచి మనిషికీ రావచ్చు. ఏటా వేయించే టీకాలో దాని మందు కలిసి ఉందో లేదో అడిగి మరీ వేయించాలి. పిడుదుల బెడద రెండు జాతులకీ ఒకటే.

కాపలా గురించి కొడుకు చెప్పిన మాటకొస్తే, లాబ్రడార్ వేటగాడు కొట్టిన పిట్టను నోట కరిచి తెచ్చివ్వడానికి పెంచిన జాతి. గేటు దగ్గర మొరుగుతుంది, ఆ తర్వాత తోక ఊపుతుంది. మొరగడానికైతే పగ్ కూడా చాలు. రొయ్యల చెరువు గట్టు కాయడానికి ఈ రెండూ పనికిరావు, అక్కడ మన ఊరకుక్కను మించింది లేదు.

నన్నడిగితే ఈ బేరం అసలు తేలాల్సింది గొలుసు పట్టుకునే మనిషి దగ్గర. ముప్ఫై కిలోల లాబ్రడార్ పిల్లిని చూసి ఒక్క ఊపున లాగితే అరవై ఎనిమిదేళ్ల ఆవిడ సిమెంటు రోడ్డు మీద పడుతుంది. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పగ్ ఏడెనిమిది కిలోలు, చంకనెత్తుకుని ఆటో ఎక్కేయొచ్చు. మండల కేంద్రంలో పశువుల ఆసుపత్రి ఉన్నా అక్కడ గేదెల వైద్యమే ఎక్కువ. కుక్కల డాక్టరు కోసం భీమవరమో కాకినాడో రాజమండ్రో వెళ్లక తప్పదన్నప్పుడు ఈ తేడా చిన్నదేం కాదు. లంక గ్రామాల్లో అయితే మరీను. 2022 జులై వరదలాంటిది వస్తే, పడవలో పిల్లా పాపా సామానూ సర్దుకున్నాక బెదిరిపోయిన పెద్ద కుక్కను ఎక్కించడానికి బలమైన చేతులు ఉండాలి.

కాబట్టి యాభై లోపు మనిషి ఒకరైనా ఇంట్లో ఉండి, పొద్దున ఎండెక్కకముందూ మళ్లీ చీకటి పడ్డాకా తిప్పగలిగితే లాబ్రడార్‌కే నా ఓటు. పెద్దవాళ్లిద్దరే ఉండే ఇంటికి లాబ్రడార్ పిల్లను తేవద్దు. మొదటి రెండేళ్లూ అది చెప్పులు, సోఫాలు, మనుషుల ఓపిక అన్నీ నమిలేస్తుంది. ఇన్వర్టర్‌తో నడిచే ఏసీ గది, రోజూ మొహం తుడిచే ఓర్పు రెండూ ఉంటేనే పగ్. అవి లేకపోతే నాలుగైదేళ్లు నిండి నెమ్మదించిన, గొలుసుతో నడవడం వచ్చిన లాబ్రడార్‌ను చూడండి. బదిలీ అయిందనో, అపార్ట్‌మెంట్‌కి మారామనో పెంచిన కుక్కను వదులుకునేవాళ్లు అన్ని ఊళ్లలోనూ ఉన్నారు. మన వాళ్లెందుకో కళ్లు తెరవని పిల్లే కావాలంటారు.

పిల్లనే కొంటామంటే అడ్వాన్సు ఇచ్చేముందు తల్లిని చూపించమనండి. పగ్ అయితే తల్లిని నాలుగు నిమిషాలు నడిపించి ఊపిరి చప్పుడు వినండి, ముక్కు రంధ్రాలు ఎంత తెరుచుకుని ఉన్నాయో చూడండి. లాబ్రడార్ అయితే తల్లి కూర్చుని లేచే తీరు చూసి, తల్లిదండ్రుల తుంటి కీళ్లకు ఎక్స్‌రే తీయించారా అని అడగండి. తల్లి ఇక్కడ లేదు, బెంగళూరులో ఉంది అన్నారంటే మరో చోట చూసుకోవడం మేలు.